మేకలు ముట్టని కాయ

ఆ రోజుల్లో నాకు అక్షరాలు కొత్త. మనిషికి అరవై దాటినా అక్షరాల లెక్కన నాకు రెండేళ్లే. పళ్లు వస్తున్న పిల్లకు ఏది దొరికితే అది కొరకబుద్ధి అయినట్టు, నాకు ఏది కనిపిస్తే అది చదవబుద్ధి అయ్యేది. నల్లగొండ బస్సు మీది ఊర్ల పేర్లు, సబ్బు కాగితాలు, దుకాణాల బోర్డులు అన్నీ గట్టిగా చదివేదాన్ని. (ఎవరూ అడగలేదు. అయినా చదివేదాన్ని.) చదువుతో పాటే తెలివి కూడా వచ్చేసిందనుకున్నాను. ఆ రెండూ ఒకే బండిలో రావని నాకు చెప్పింది మా పెరట్లోని చెట్టు.

దాన్ని ఎవరూ నాటలేదు. స్నానాల నీళ్లు పారే చోట తానే మొలిచింది. ఏడెనిమిదేళ్లు ఆకులు తప్ప ఏమీ చూపలేదు. ఆ ఎండాకాలం మాత్రం పది పన్నెండు కాయలు కాసింది. నిమ్మకాయంత కాయ, పచ్చగా, అడుగున చిన్న గుంట. ఎదురింటి వదిన జామ అంది. జామ ఆకు నేనెరుగనా? మాది జీవాలు కాసిన ఇల్లు. పేరు తెలియని కాయ ఏది దొరికినా ముందు మేక ముందర వెయ్యాలి, మేక ముట్టనిది మనిషి ముట్టొద్దు అని మా అత్త చెప్పేది. నాలుగు కాయలున్న కొమ్మ విరిచి మా మేకలకు వేశాను. చెప్పులు నమిలే మేకలవి, నా పలక సంచిని కూడా సగం తిన్నవి. అలాంటివి కాస్త వాసన చూసి, తుమ్మి, వెనక్కి జరిగాయి. మూడుకు మూడూ అంతే.

ఇంకేముంది! బొగ్గు తీసుకుని పెరటి గోడ మీద పెద్ద అక్షరాలతో "ఇది విషం" అని రాశాను. (ఎవరూ చెప్పకుండా నా అంతట నేను రాసిన మొదటి మాట అదే, శుభమా అని.) దూరం నుంచి చూసుకుని మురుస్తుంటే మా ముసలాయన వచ్చాడు. ఆయనకు చదువు రాదు.

"ఏం రాసినవే?"

"గీ కాయ ఇషమని రాసిన. మేకలు ముట్టలే."

ఆయన గోడను చూశాడు, చెట్టును చూశాడు. "పొద్దుగాల నేను రెండు తిన్న గదనే" అన్నాడు.

"ఎందుకు తిన్నవయ్యా!" అంటే, "కాసినయి, తిన్న. జర పుల్లగున్నయి" అన్నాడు. కక్కించాలని చెంబెడు ఉప్పునీళ్లు తాగించాను. కక్కలేదు సరికదా, "ఇంత చింతపండు ఏసుంటే చారయ్యేదే" అన్నాడు. మిగిలిన కాయలు కొంగున కట్టుకుని, ఆయన్ని ఆటో ఎక్కించి, నల్లగొండ దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసింది, బీపీ చూసింది. "తాత మంచిగనే ఉన్నడవ్వా, నీ బీపీయే పెరిగింది" అంది. కానీ కాయను మాత్రం ఆమె కూడా గుర్తుపట్టలేదు. కొన్ని కాయలు ఆలస్యంగా పనిచేస్తాయట. "తాతను సాయంత్రం దాకా ఈడనే ఉంచుత. నువ్వు తోటల ఆఫీసుకు పోయి, ఇదేం కాయనో కనుక్కొని రా" అంది.

తోటల ఆఫీసరు నాకు కొడుకు ఈడువాడు. కాయను అడ్డంగా కోశాడు. లోపల నక్షత్రం ఆకారంలో అయిదు గదులు, గదిగదికీ గింజలు. వాసన చూశాడు.

"అవ్వా, ఇది యాపిల్."

"నన్ను ఆటాడిస్తున్నవా బిడ్డా? యాపిల్ ఎర్రగుంటది. గది మన ఎండలకు కాస్తదా?"

ఎండకు తట్టుకునే రకాలు కొన్ని ఉన్నాయని ఫోనులో బొమ్మలు చూపించాడు. మా కాయ ఏ బొమ్మతోనూ కలవలేదు. "మొక్క యాడ కొన్నరు?" అన్నాడు. కొనలేదు, మొలిచింది అన్నాను. అంటుండగానే గుర్తొచ్చింది. అప్పుడెప్పుడో మా ముసలాయన జ్వరంతో పడుంటే చుట్టాలు తెచ్చిన యాపిల్ పండ్లు కోసి పెట్టి, గింజలున్న నడిమి ముక్కలు ఆ స్నానాల నీళ్ల దగ్గరే విసిరేశాను.

"గింజతోని మొలిస్తే తల్లి లెక్క రాదవ్వా. ఏ గింజకు ఆ గింజ కొత్త రకం. మీ చెట్టుకు పేరే లేదు."

"పేరు గంగల కలవని. మా ముసలోడు బతుకుతడా?"

"నూరేండ్లు బతుకుతడు. గింజలు నమలొద్దని మాత్రం చెప్పు, అండ్ల జర ఇషముంటది."

దవాఖానకు ఎలా నడిచానో తెలియదు. ఆయన పక్క మంచం వాళ్లతో గొర్రెల ధర మాట్లాడుతున్నాడు. "యాపిలంట!" అన్నాను. "అట్లనా" అన్నాడు.

"మరి మేకలెందుకు ముట్టలేదయ్యా?"

"ఎట్ల ముడ్తయే? నిన్ననే చెట్టంత పేడనీళ్లు చల్లిన. లేకుంటే నీ మేకలు ఆకు మిగిలిస్తయా?"

(పేడ వాసన తగిలిన ఆకును మేక ముట్టదు. మా ఊళ్లో పసిపిల్లలకు కూడా తెలిసిన సంగతి. నాకూ తెలుసు. మేకలను అడిగినదాన్ని, ఇంట్లో మనిషిని అడగలేదు.)

"మరి నువ్వెట్ల తిన్నవ్?"

"పంచెకు తుడుసుకున్న."

నేను నవ్వానో ఏడ్చానో, నర్సమ్మ వచ్చి కసిరింది.

ఇప్పుడు నా అక్షరాల వయసు పది దాటింది. ఏదైనా రాసే ముందు ఒకరిని అడుగుతున్నాను. ఆనాటి ఆ తొందరపాటు మనిషిని తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త ముద్దు కూడా వస్తుంది. ఎందుకంటే ఆ రోజు తిరుగు బస్సులో, అంతమంది చూస్తుండగా, ఆమె మొగుడి చెయ్యి పట్టుకుని కూర్చుంది. నలభై ఏళ్ల కాపురంలో ఎన్నడూ చెయ్యని పని. చెమట పట్టినా వదల్లేదు. ఊరు దగ్గరపడుతుంటే ఆయన మెల్లగా అన్నాడు, "ఇగ ఇడువే. జేబులకెల్లి చుట్ట తీసుకోవాలె."