రైడ్ ముగించలేకపోయిన రోజు: వికారాబాద్ నుంచి తాండూరుకు అద్దె ఎలక్ట్రిక్ బైక్ మీద

మా అమ్మాయి మానస రోజూ మెట్రో దిగి ఆఫీసుకు అద్దె ఎలక్ట్రిక్ బైక్ మీద వెళ్తుంది. ఫోన్‌లో నొక్కితే తాళం తెరుచుకునే బండ్లు అవి. ఎవరో దింపి వెళ్లిన బండిని ఇంకెవరో ఎక్కుతారు. ఎవరు చూసుకుంటారు వీటిని అని నేను సణుగుతుంటే, "అమ్మా, ఒక్కసారి ఎక్కి చూడు, అప్పుడు మాట్లాడు" అంది. అప్పటికే మా వాకిట్లో పరచడానికి నాపరాళ్లు చూసేందుకు తాండూరు వెళ్లాలనుకుంటున్నాను. అలాంటి బండ్ల స్టాండ్లు వికారాబాద్‌లోనూ తాండూరులోనూ రైల్వే స్టేషన్ల దగ్గర పెట్టారని మానసే కనుక్కుంది. ఒకచోట తీసుకుని రెండోచోట వదిలేయొచ్చు. నడుమ నలభై కిలోమీటర్ల దారి. ఆదివారం పొద్దున లింగంపల్లిలో ప్యాసింజర్ రైలెక్కాం.

తొమ్మిది దాటాక వికారాబాద్‌లో దిగి, స్టేషన్ బయట ఇడ్లీ తిని బండి తీసుకున్నాం. గంటకు అరవై రూపాయలు. సీటు కింద ఒక్కటే హెల్మెట్ ఉంది, రెండోది నేను ఇంటినుంచి తెచ్చుకున్నాను. బండికి నంబరు ప్లేటు లేదు. ఇరవై అయిదు కిలోమీటర్ల వేగం దాటని చిన్న మోటారు బండి కాబట్టి రిజిస్ట్రేషన్, లైసెన్సు అక్కర్లేదని యాప్‌లో రాసి ఉంది. రూలు నిజంగా అలాగే ఉంది. కానీ ఊరు దాటగానే మీటరు మీద నలభై రెండు కనిపించింది. "ఇదేందే, ఇంత పోతుంది?" అన్నాను వెనకనుంచి. "మంచిదే కదమ్మా, తొందరగా చేరతాం" అని నవ్వింది మానస.

అనంతగిరి అడవిలో దారి చల్లగా, అందంగా ఉంది. ఆ అందం గురించి ఇంకో నాలుగు మాటలు రాయాలని ఉన్నా, నాకు గుర్తున్నది దిగుడు మలుపే. ముందు బండలు మోస్తున్న లారీ ఒకటి మెల్లగా దిగుతోంది. ఎదురుగా బస్సు వస్తోంది. మానస భుజాలు ఒక్కసారిగా బిగుసుకున్నాయి.

"అమ్మా, యాక్సిలరేటర్ వదిలినా ఆగుతలేదు!"

"బ్రేక్ పట్టు!"

"రెండూ పట్టిన. గుంజుతనే ఉంది!"

మామూలు బండైతే తాళంచెవి తిప్పేస్తాం. దీనికి తాళంచెవి లేదు. ఆపే మీట ఫోన్‌లో ఉంది, ఫోన్ నా సంచిలో ఉంది. లారీ వెనక తలుపు మీది అక్షరాలు చదవగలిగేంత దగ్గరకొచ్చింది. "ఎడమకు తిప్పు, మట్టిలోకి!" అని అరిచాను. తిప్పింది. ఎర్రమట్టిలో బండి ఊగి పక్కకు ఒరిగింది. నేను ఎగిరి తుప్పల్లో పడ్డాను. మానస కాలు బండి కింద ఇరుక్కుంది. వెనక చక్రం ఆగకుండా గిర్రున తిరుగుతూనే ఉంది. మానస పాదానికి, చక్రానికి మధ్య జానెడు కూడా లేదు.

బండి లేపబోతే చక్రం నేలకు తగిలి ఇంకా ముందుకు దూకుతోంది. సంచి వెతికి ఫోన్ తీసి 'కాసేపు ఆపు' అన్న మీట నొక్కాను. అడవిలో సిగ్నల్ ఒక్క గీత. తెర మీద సున్నా తిరుగుతోంది, ఇక్కడ చక్రం తిరుగుతోంది. "కదలకు బిడ్డా, కాలు కదపకు" అంటూనే ఉన్నాను. ఎంతసేపో చెప్పలేను. చివరికి టక్కుమని చప్పుడై చక్రం ఆగింది. మానస కాలు బయటికి లాగి నా మెడ పట్టుకుని ఏడ్చింది. చీలమండ వాచింది, ఎముకకు ఏమీ కాలేదు.

తాండూరుకు ఖాళీగా వెళ్తున్న ట్రాలీ ఆటో ఆగింది. డ్రైవర్ యాదగిరి మమ్మల్ని చూసి, "ఫికర్ చెయ్యకుండ్రి అక్కా, బండిని కూడ ఎక్కిద్దాం" అన్నాడు. దారిలో కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. అవతలి అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది. "తాండూరు స్టాండులో పెట్టి రైడ్ ముగించండి మేడం, సరిపోతుంది."

"ముగిస్తే?"

"తర్వాతి కస్టమర్‌కు అందుబాటులోకి వస్తుంది."

"బాగు చెయ్యకుండానే?"

"ఫిర్యాదు రాసుకున్నాను. ఇక్కడినుంచి బండిని బ్లాక్ చేసే వీలు నాకు లేదు మేడం."

తాండూరు స్టాండులో ఇంకో బండి లేదు. భార్య, మూడేళ్ల పాపతో ఒకాయన మా బండి కోసమే ఎదురుచూస్తున్నాడు. "అక్కా, జర రైడ్ బంద్ చేస్తే మేం తీసుకుంటం. కొడంగల్ పోవాలె, మా మామను దవాఖానల చేర్పించిండ్రు."

"ఈ బండి ఇయ్యలేను తమ్ముడూ. దీంట్ల లోపముంది."

"మీ సొంత బండా? నేను మస్తు బండ్లు నడిపిన, ఏం గాదు." గొంతు పెంచాడు. చుట్టూ జనం మూగారు. నేను ఫోన్‌ను గుప్పిట్లో బిగించాను. అప్పుడు మానస కుంటుకుంటూ ముందుకొచ్చి, వాచిన కాలు చూపించింది. "అన్నా, రెండు బ్రేకులు పట్టినా ఆగలే. పాపను ముందట నిలబెట్టుకుంటరు గదా?"

ఆయన భార్య పాపను ఎత్తుకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆయన మా బండి దగ్గరినుంచి పక్కకు జరిగాడు. యాదగిరి వాళ్లను తన ఆటోలో బస్టాండుకు తీసుకెళ్లాడు.

అక్కడినుంచి మేము కదల్లేదు. మధ్యాహ్నం రైలు మా ముందే వెళ్లిపోయింది. నాపరాళ్లు చూడనేలేదు. ఎదురు మెస్ నడిపే ఆమె జొన్న రొట్టె, పప్పు స్టాండు దగ్గరికే తెచ్చిచ్చి, మానస కాలికి ఐసు ముక్కలు గుడ్డలో చుట్టి కట్టింది. నాలుగుసార్లు ఫోన్ చేశాక, ఎండ వాలే వేళకు మెకానిక్ వచ్చాడు. బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, యాక్సిలరేటర్ తిప్పి వదిలాడు. చక్రం అదే జోరుతో తిరుగుతూనే ఉంది. అతని ముఖం మారింది. "వేగం కట్టడి చేసే వైరు కంపెనీవాళ్లే తీసేసిండ్రు మేడం. మెల్లగ పోతే ఎవ్వరు తీసుకుంటలేరని. అన్ని బండ్లకు గట్లనే. అది తీసేటప్పుడే దీని యాక్సిలరేటర్ వైరు గూడ దెబ్బతిన్నట్టుంది." బ్యాటరీ విప్పి తన సంచిలో వేసుకున్నాక గానీ నేను రైడ్ ముగించలేదు. మర్నాడు రవాణా శాఖ కార్యాలయానికి వెళ్లి జరిగిందంతా చెప్పాం. ఆ బండిని తీసేశారని తెలిసింది. మిగతావాటి సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఇలాంటి బండ్లు వద్దని నేను అనను. బస్సు దిగాక ఇల్లు దూరమైనవాళ్లకు అవి నిజంగా అవసరం. కానీ చిన్న బండి అన్న పేరుతో రిజిస్ట్రేషన్ తప్పించుకుని, రోడ్డు మీద పెద్ద బండిలా పరుగెత్తించడం మోసం. చెడిపోయిన బండిని ఆ క్షణమే ఆపగలిగే అధికారం ఫోన్ ఎత్తే మనిషికి కూడా లేకపోతే, ఆ పని రోడ్డు మీద పడ్డవాళ్లే చెయ్యాల్సి వస్తుంది. ఆ రోజు మేము చేశాం. అందరికీ ఆ ఓపిక ఉంటుందని, ఆ వీలుంటుందని అనుకోలేం.

మీరు వెళ్తుంటే ఒక్క పని చేయండి. ఎక్కేముందు బండిని సెంటర్ స్టాండు మీద పెట్టి, యాక్సిలరేటర్ కాస్త తిప్పి వదలండి. చక్రానికి మోటారు ఊపు వెంటనే తెగకపోతే ఆ బండి మీద ఎక్కకండి, పక్కవాళ్లనూ ఎక్కనివ్వకండి.