మామ బూర వేలానికి వచ్చిన రోజు

మొన్న గుడియాత్తం బజారులో పళ్ళ దుకాణం ముందు నిలబడితే, మామిడికాయలు మాగబెట్టే కార్బైడు ఘాటు గుప్పున ముక్కుకు తగిలింది. అంతే, అరవై ఏళ్ళు వెనక్కి పోయి, అదే కార్బైడుతో వెలిగే గాసు దీపాలు బుసబుసమనే డేరా సినిమా వాకిట్లో అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డాను.

ఎండాకాలం ఏట్లో ఇసుక తేలగానే డేరా వచ్చేది. లుంగీలు నేసే మా వీధి వీధంతా, చేతులకంటిన గంజి వాసనతోనే, వేయించిన శనగలు ఒళ్ళో పోసుకుని ఇసుకలో చతికిలబడేది. అప్పటి బొమ్మలకు మాట లేదు. తెర పక్కన ముక్కాలిపీట ఎక్కి, తగరపు బూర నోటికి పెట్టుకుని కథ చెప్పేవాడు మా మునిరత్నం మామ. పగలు మగ్గం, సాయంత్రం బూర. తెర మీది అక్షరాలు ఆయనకూ అంతంతమాత్రమే. రాజు కళ్ళెర్రజేస్తే తిట్లు కల్పించేవాడు, రాణి ఏడిస్తే తానూ ఏడ్చేవాడు, నిన్న చెప్పినట్టు ఇవాళ చెప్పేవాడు కాదు. అందుకే ఒకే బొమ్మకు మూడుసార్లు పోయేవాళ్ళం.

నాకు పదేళ్ళప్పుడు వేలూరికి మాట్లాడే బొమ్మలొచ్చాయి. డేరాకు జనం పలచబడ్డారు. యజమాని సామానంతా వేలం వేస్తున్నాడని దండోరా విన్న రోజు మామ అన్నం ముట్టలేదు.

"నా బూర ఎవురికి పోతాదో ఏమో" అన్నాడు గోడవైపు తిరిగి. అత్త అన్నం మీద మూత పెట్టింది.

వేలం పొద్దున ఏటి ఒడ్డు తిరునాళ్ళయింది. బెంచీలు, గుడారపు గుడ్డ, కత్తి దూసిన వీరుల రంగు పలకలు ఒక్కొక్కటే పోతుంటే పిల్లలం గెంతుతూ కేకలేశాం. చివరికి బూర వచ్చింది. దొరల బంగళాలకు వింత వస్తువులు అమ్మే వేలూరు వ్యాపారి దాన్ని తిప్పి తిప్పి చూశాడు. మామ మూడు రూపాయల దాకా పాడి ఆగిపోయాడు. వ్యాపారి నాలుగన్నాడు.

"ఒరు తరం! రెండు తరం!" అని వేలంపాట మనిషి అరవంలో అరుస్తూ చెయ్యెత్తాడు. మూడోసారి అన్నాడంటే అయిపోయినట్టే.

"అయిదు!"

ఆడవాళ్ళ గుంపులోంచి అత్త! మొగుడి పేరైనా పైకి పలకని మనిషి. జనమంతా తిరిగి చూశారు.

"ఈ తగరంలో ఏముండాదమ్మా?" అన్నాడు వ్యాపారి నవ్వుతూ.

"ఏముండాదో ఆయన నోట విను నాయనా."

మామ బూర అందుకున్నాడు. ఓడ మునిగే కథ ఎత్తుకున్నాడు. అల ఎలా లేచిందో, తల్లి బిడ్డను దుంగకెలా కట్టిందో చెబుతుంటే ఏటి ఒడ్డు మొత్తం ఊపిరి బిగబట్టింది.

వ్యాపారి కళ్ళు పెద్దవయ్యాయి. "ఈ ఏటి ఒడ్డు డేరాలో నేను ఇన్న గొంతు నీదేనా అప్పా? ఇప్పటికీ నా బిడ్డకు ఆ కథ నీ మాటల్తోనే చెప్తాండా. నాకొద్దు, నువ్వే తీసుకో."

"మూణు తరం!" అని మూడోసారీ అనేశాడు వేలంపాట మనిషి.

ఈలలతో ఇసుక అదిరిపోయింది. దారి పొడుగునా పిల్లలం వంతులేసుకుని బూరలో మా పేర్లు అరుచుకుంటూ ఇల్లు చేరాం. ఆ సాయంత్రం మామ మా వీధి అరుగు మీదే కథ చెప్పాడు.

తర్వాత వేలూరులో మాట్లాడే బొమ్మకు వెళ్ళినప్పుడు, సగంలో అత్త మామ చెవిలో, "మీరు చెప్పినట్టు లేదు" అంది. మామ చీకట్లో నవ్వడం నాకు వినిపించింది.

ఇప్పుడు డేరా వేసిన చోట ఇళ్ళు లేచాయి. అత్తా లేదు, మామా లేడు. మా ఊళ్ళో రెండు సినిమా హాళ్ళున్నాయి. ఏ బొమ్మనైనా ఎన్నిసార్లు చూసినా, నిన్న చెప్పిందే ఇవాళా చెబుతుంది.