తెర్లే నీళ్ళలో నూరు

మా చిన్నాయన తలుపుకు తాళం వేసి కూడా "ఇంగో తూరి" అని వెనక్కొచ్చి లాగి చూసేవాడు. ఆయనతో బయటికి పోవాలంటే నాకు విసుగు.

ఆళ్ళగడ్డ దగ్గర పత్తి గోడౌన్‌లో సొంతంగా రెండు సీట్ల విమానం కట్టుకున్నాడు. ఇంజన్ మొదటిసారి స్టార్ట్ చేసే రోజు నంద్యాల నుంచి పాస్టరుగారినీ చుట్టాలనూ పిలిచాడు. ప్రార్థనకు ముందు, ఆయిల్ వేడి చూసే సెన్సారును పొయ్యి మీద తెర్లే నీళ్ళలో ముంచాడు. స్క్రీన్ మీద నూరు రావాల్సింది, తొంభైమూడు దగ్గరే ఆగిపోయింది.

"ఏడు డిగ్రీలే గద బావా, ఏమైతాది?" అన్నాడు బావమరిది.

"ఇంజన్ కాగిపోతాంటే ఇది బాగుందని చెప్తాది. పక్క సీట్లో కూచునేది మీ అక్కరా."

ఆ రోజు ఇంజన్ స్టార్ట్ చేయనేలేదు. చుట్టాలు బిర్యానీ తిని నవ్వుకుంటా పోయారు. చిన్నమ్మ సిగ్గుతో తలెత్తలేదు. ఆయన మాత్రం స్క్రీన్‌లో లెక్క మార్చి, "ఇంగో తూరి" అని గిన్నె మళ్ళీ పొయ్యి మీద పెట్టాడు. ఐసు నీళ్ళలో సున్నా, తెర్లే నీళ్ళలో నూరు నిలిచేదాకా వదల్లేదు.

విమానం ఎగిరి దిగిన రోజు చిన్నమ్మ బెల్టు విప్పలేదు. "దిగు" అంటే ఆయన మొహంలోకి చూసి అంది:

"ఇంగో తూరి."