ఇటుకల మీది మంచం

వహీదా బీకి మూసిన తలుపంటే పడదు. పట్టపగలు తలుపు వేసుకునే ఇల్లూ ఒక ఇల్లేనా అంటుంది. ఆదోనిలో వాళ్ళది ఒక్కటే గది. మొగుడు అబ్దుల్ గనీ దూది ఏకితే, ఆమె పరుపులు కుట్టేది. మంచం కోళ్ళ కింద ఇటుకలు పెట్టి ఎత్తు చేసి, పైన తామిద్దరూ, కింద ముగ్గురు పిల్లలూ పడుకునేవారు. ఎవరైనా జాలిపడబోతే, "మాది మిద్దె ఇల్లులే" అని నోరు మూయించేది.

ఆ మంచం కింద పెరిగిన జుబేర్ ఇప్పుడు ఎమ్మిగనూరులో రంగుల షాపు నడుపుతున్నాడు. అమ్మకాలు బాగున్నాయని కంపెనీవాళ్ళు డీలర్లను కుటుంబాలతో సహా చెన్నై నుంచి ఓడలో తిప్పుతున్నారు. అలా వహీదా బీ, కొడుకు, కోడలు ఇర్ఫానా, నాలుగేళ్ళ మనవరాలు ముస్రత్, చంటివాడు కలిసి కిటికీ కూడా లేని ఇరుకు గదిలో పడ్డారు. చంటివాడు ఒకటే ఏడుపు. ముస్రత్ పై బెర్తు ఎక్కనని మొండికేసింది.

"నాయన చిన్నప్పుడు యాడ పండుకుంటాండె జేజీ?" అని అడిగింది.

పిల్లను మాటల్లో పెట్టడానికి వహీదా బీ మంచం సంగతి చెప్పింది. చెప్పి మరిచిపోయింది.

మరునాడు పొద్దున్నే కొడుకూ కోడలూ చంటివాణ్ణి ఎత్తుకుని టిఫిన్‌కు పైకి వెళ్ళారు. ముస్రత్ నిద్రపోతోంది. ఆ గది తలుపు దానంతట అదే మూసుకుంటుంది. వహీదా బీకి ఊపిరాడక, తలుపు సందులో తన చెప్పు అడ్డం పెట్టి, మొహం కడుక్కోవడానికి బాత్‌రూములోకి వెళ్ళింది. తిరిగొచ్చేసరికి పడక ఖాళీ. తలుపు తెరిచే ఉంది.

ఆమె నడవలోకొచ్చి కేకలు పెట్టింది. ఓడ సిబ్బంది అంతస్తులన్నీ గాలించారు. ఇర్ఫానా పైన ఓడ అంచు కమ్మీ పట్టుకుని నీళ్ళకేసి చూస్తూ నిలబడిపోయింది.

"తలుపు ఎవరు తీసిపెట్టినారమ్మా?" అన్నాడు జుబేర్.

"నేనే నాయనా."

అతడు గిర్రున తిరిగి మెట్లకేసి పరుగెత్తాడు. నాలుగు తిట్టినా బాగుండునని ఆమెకు అనిపించింది.

పిల్ల తిరిగొస్తుందేమో, గదిలోనే ఉండమని ఆమెను పంపించారు. మోకాళ్ళ నొప్పులతో ఆమె కుర్చీలో కూర్చుని నమాజు చేయబట్టి చాలా ఏళ్ళయింది. ఈరోజు కుర్చీ మాటే గుర్తు రాలేదు. కొంగు పరిచి, నుదురు నేలకు ఆనించి, "అల్లా, నా బిడ్డను నాకియ్యి" అని ఏడ్చింది. తల ఎత్తబోతుంటే మంచం కింద, పెట్టెల సందున, చిన్న మడమ కనిపించింది.

దిండు లాక్కుని, గోడవైపు తిరిగి, ముస్రత్ హాయిగా నిద్రపోతోంది.

లేద్దామంటే మోకాళ్ళు పట్టేశాయి. ఆ మడమ పట్టుకుని అక్కడే పడుకుని, కొడుకును పేరుపెట్టి కేకేసింది. జుబేర్ పరుగెత్తుకొచ్చి బోర్లా పడి చూశాడు. అలికిడికి పిల్ల కళ్ళు తెరిచింది.

"ఇది నీ జాగానే కదా నాయనా?" అంది.

"నాదే తల్లీ," అంటూ సగం మనిషి మంచం కిందికి దూరిపోయాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వీపు చూస్తే తెలియలేదు.

చంటివాడితో వచ్చిన ఇర్ఫానాకు మొదట బయటికున్న మొగుడి కాళ్ళు కనిపించాయి, తర్వాత కూతురి గొంతు వినిపించింది. గడపలోనే ఆగిపోయింది.

వహీదా బీ నేల మీద నుంచే తన చెప్పు పక్కకు లాగేసింది.

"లోపలికి రామ్మా," అంది. "వచ్చి ఆ తలుపెయ్యి."