ముప్పై ఐదో నిమిషం

అత్తయ్య చేసిన చివరి మామూలు పని గోడ గడియారానికి సెల్లు కొనుక్కురావడం. దానికీ ఒక టైమ్ టేబుల్ రాసుకుంది. 7.05 గేటు. 7.09 కొట్టు. 7.12 తిరుగు ప్రయాణం. 7.16 ఇల్లు. కొట్టు వీధి చివరే ఉంది. ఆ దారిలో తప్పిపోయినవాళ్ళు చరిత్రలో లేరు. అయినా రాసుకుంది. వెళ్ళింది, వచ్చింది, కాగితం మీద 'రాక 7.14' అని రాసింది, గడియారంలో సెల్లు వేసి కుర్చీలో వెనక్కి వాలింది. మళ్ళీ లేవలేదు. ఎక్కడికైనా వేళకంటే రెండు నిమిషాలు ముందు చేరడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

అత్తయ్యకి నిమిషాల పిచ్చి. గంటలంటే గౌరవం లేదు. గంటలు బద్ధకస్తుల కోసం పుట్టాయని ఆవిడ నమ్మకం. "ఓ గంటలో వస్తా" అన్నవాణ్ణి పైకీ కిందకీ చూసి, "అంటే యాభై మూడా, అరవై ఎనిమిదా?" అని అడిగేది. ఇంటికొచ్చిన చుట్టాలు రెండోసారి మంచినీళ్ళు తాగుతుంటే, "మీ బస్సు ఆరూ యాభై రెండుకి. చెప్పులేసుకోడానికి మీకు నాలుగు నిమిషాలు పడుతుంది, పోయినసారి చూశాను" అనేది. పొమ్మనడం కాదు. ఆవిడ ప్రేమగా మాట్లాడితే అలాగే ఉండేది.

ఈ పిచ్చి ఉద్యోగంతో వచ్చిందో, పిచ్చి చూసే ఉద్యోగమిచ్చారో ఎవరికీ తెలీదు. బస్సు డిపోలో ముప్పై ఒక్క ఏళ్ళు టైమ్ కీపర్. మెడలో విజిల్, చేతికి గడియారం, ముందు ఒక కిటికీ, కిటికీ లోపల రిజిస్టరు. ఆలస్యంగా వచ్చిన ప్రతి డ్రైవరూ ఆ కిటికీ ముందు నిలబడాలి. రిజిస్టర్లో మూడు గడులు: బస్సు నంబరు, ఎన్ని నిమిషాలు, కారణం.

"తొమ్మిది నిమిషాలు. కారణం?"

"ఇంజన్ వేడెక్కిందమ్మా."

"ఇంజనా, నీ టీయా?"

"ఒట్టమ్మా, ఇంజనే."

అత్తయ్య బయటికొచ్చి, బానెట్ మీద అరచెయ్యి ఆనించి, అదే చెయ్యి తన నుదుటి మీద పెట్టుకుని చూసుకునేది. "ఇంతకంటే నేనే వేడిగా ఉన్నాను" అని లోపలికెళ్ళి, కారణం గడిలో 'టీ' అని రాసేది. చక్రం ఊడితే 'చక్రం' అని రాసింది, గేదె అడ్డొస్తే 'గేదె' అని రాసింది. ఇంజన్ అన్న మాట మాత్రం ఆ గడిలోకి ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్కసారి కూడా రానివ్వలేదు. అది అబద్ధాలకోరుల మాటని ఆవిడ తీర్మానం. రిటైరైన రోజు డ్రైవర్లంతా కలిసి ఓ బొమ్మ బస్సు బహుమతిగా ఇచ్చారు. దాని బానెట్ మీద 'వేడి లేదు' అని రాసుంది.

రిటైరయ్యాక రెండు పనులు చేసింది. కారు నడపడం నేర్చుకుంది. తన తమ్ముడికంటే వయసున్న ఓ పాత కారు కొంది. ఏడాది తిరక్కుండా, తమ్ముడి పిల్లలిద్దర్నీ వేసవి సెలవుల్లో ఆ కారులో దేశం ఈ మూల నుంచి ఆ మూలకి, సముద్రం దాకా తీసుకెళ్తానని ప్రకటించింది. పోను పన్నెండు రోజులు, రాను పన్నెండు రోజులు.

తమ్ముడు భోజనం బల్ల దగ్గర చెయ్యి కడుక్కోకుండానే వాదనకి దిగాడు. "అక్కా, నీకు అరవై ఏళ్ళు."

"అరవయ్యొకటి. సరిగ్గా చెప్పు."

"ఆ కారు వీధి మలుపు తిరగడానికే ఆలోచిస్తుంది. విమానంలో వెళ్ళొచ్చు కదా, రెండున్నర గంటలు."

"విమానం ఆలస్యమైతే నేనెవరి మీద విజిల్ ఊదను?"

మరదలు మెల్లగా అందుకుంది. "అది కాదు వదినా. వీళ్ళిద్దరూ సోఫాలో పక్కపక్కన పావుగంట కూర్చోలేరు. పన్నెండు రోజులు కారులోనా?"

"సోఫా కదలదమ్మాయ్, అందుకే కొట్టుకుంటారు. నేను కదిలిస్తాను." ఇక వాదన ముగిసిందన్నట్టు గడియారం చూసుకుంది. పక్కింటాయన వద్దన్నాడు, ఎదురింటావిడ వద్దంది, ఫ్యామిలీ డాక్టరు వద్దన్నాడు. ప్రతి 'వద్దు'కీ అత్తయ్య ప్రయాణానికి ఓ యాభై కిలోమీటర్లు కలిపింది. ఇంకో ఇద్దరు వద్దని ఉంటే సముద్రం కూడా దాటేదేమో.

ప్రణాళిక నెల రోజులు సాగింది. కాగితానికి కాగితం అంటించుకుంటూ పోతే టైమ్ టేబుల్ తలుపు తెరంత పొడవైంది. చివరికి దాన్ని నిజంగానే తలుపుకి వేలాడదీశారు. రోజూ సాయంత్రం ఆరూ పదికి సమావేశం. పెద్దాడికి పదిహేడేళ్ళు, ఇంట్లో తనొక్కడే నాగరికుడని అభిప్రాయం. తెరలో మొదటి వరస చూసి నొసలు చిట్లించాడు.

"ఐదున్నరకి లేవాలా? మనుషులు లేచే టైమేనా అది, అత్తయ్యా?"

"మనుషుల సంగతి వేరే కిటికీలో అడుగు. ఇది టైమ్ కీపర్ కిటికీ."

"ఇదేంటి, మధ్యాహ్నం 1.10 నుంచి 1.35 దాకా 'అలక' అని రాశావ్?"

"మీ వయసులో రోజుకోసారి అలగాలి కదా. ఇరవై ఐదు నిమిషాలిచ్చాను. అన్న ఎడం కిటికీ వైపు, చెల్లి కుడి కిటికీ వైపు. ఆపైన అలిగితే ఓవర్‌టైమ్. నేనివ్వను."

చిన్నది మాత్రం ఏమీ అడగలేదు. దానికి పదిహేనేళ్ళు. నిద్రలో తప్ప నోరు మూసుకోని పిల్ల. సముద్రం ఎప్పుడూ చూడలేదు. చూడాలని గోడకి బొమ్మ అంటించుకుంది. కాని దానికో రహస్యముంది. రెండేళ్ళ కిందట బడి విహారయాత్రలో, బస్సు బయల్దేరిన ముప్పావుగంటకి, సైన్సు టీచర్ ఒళ్ళో ఉన్న కొత్త టోపీలోకి వాంతి చేసుకుంది. ఆ పూట నుంచి బళ్ళో దాని పేరు జలపాతం. తరగతి మారినా, సెక్షన్ మారినా పేరు మాత్రం వెంటే వచ్చింది. వేరే బళ్ళో చదివే పెద్దాడి చెవిన మాత్రం పడలేదు. పడితే ఆ పేరు ఇంట్లోకి వస్తుంది, పెళ్ళయి పిల్లలు పుట్టినా పోదు. అన్నని ఎరిగిన చెల్లెలికి అందులో సందేహం లేదు.

ఆ నెలంతా అత్తయ్య వారానికి మూడు సాయంత్రాలు "బండికి అలవాటు కావాలి" అని చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టుకుని ఊరి చుట్టూ తిప్పేది. చిన్నది బయల్దేరినప్పట్నుంచీ కబుర్లే. ఏ టీచరు ఎవర్ని తిట్టింది, ఏ పిల్ల ఎవరితో మాట్లాడ్డం మానేసింది. కాసేపటికి నోట్లో నీళ్ళూరేవి, మాట ఆగిపోయేది, పళ్ళు బిగించి దూరంగా ఏదో ఒక స్తంభం వైపు చూస్తూ కూర్చునేది. అత్తయ్య చేతి గడియారం ఓసారి చూసుకుని, "ఇక చాల్లే, పెట్రోలు దండగ" అని బండి పక్కకి ఆపేది. ఎంత అదృష్టమో అనుకునేది చిన్నది.

కాని అదృష్టం పన్నెండు రోజులు నడవదు. ప్రయాణం వారం ఉందనగా చిన్నది సమావేశంలో లేచి నిలబడింది. "నేను రాను."

"ఏం?"

"చదువుకోవాలి."

ఆ ఇంట్లో ఎవరూ ఎన్నడూ వినని మాట అది. తండ్రి కంగారుపడి నుదుటి మీద చెయ్యేసి చూశాడు. తల్లి బతిమాలింది. చిన్నది గడప దగ్గర కాళ్ళు తన్నిపెట్టి నిలబడింది. "కట్టేసి తీసుకెళ్ళినా రాను. ఆ సముద్రం ఏం పారిపోదుగా. పెద్దయ్యాక నేనే చూసుకుంటా." ఎత్తిన గడ్డం దించలేదు. ఆ గడ్డం ఎత్తు ఎవరి దగ్గర్నుంచి వచ్చిందో అత్తయ్యకి తెలుసు. జేబు పుస్తకం తీసి ఏదో రాసుకుంది, అంతే.

మర్నాడు ఆరూ పదికి తలుపు తెర మారిపోయి ఉంది. ప్రతి ముప్పై ఐదు నిమిషాలకీ ఓ ఎర్రగీత.

"ఈ గీతలేంటి?" అన్నాడు పెద్దాడు.

అత్తయ్య గొంతు సవరించుకుంది. "బండి ముసలిదైపోయింది. ముప్పై ఐదు నిమిషాలకి మించి నడిపితే ఇంజన్ వేడెక్కుతుంది. ప్రతిసారీ ఆపి, బానెట్ ఎత్తి, పది నిమిషాలు చల్లార్చాలి."

తమ్ముడు చేతిలో గ్లాసు బల్ల మీద పెట్టేశాడు. "ఏం వేడెక్కుతుందన్నావ్?"

"వినపడింది కదా."

"ఇలాగైతే అక్కడికి చేరేసరికి నాకు గడ్డం నెరుస్తుంది" అన్నాడు పెద్దాడు.

"ముందు మొలవనీ."

చిన్నది తెర మీద గీతలు లెక్కపెడుతోంది. కారుకీ తనకీ ఒకటే జబ్బు. లోకంలో తనకి తోడు ఒక ప్రాణి దొరికినట్టయింది. "పాపం, బండినేం అనకు" అని అన్న మీదికి లేచింది. తర్వాత అత్తయ్య వైపు తిరిగి, చదువు సంగతి మర్చిపోయినట్టు, "కుడి కిటికీ నాదే" అంది.

మొదటి ఎర్రగీత దగ్గరే అసలు పరీక్ష ఎదురైంది. ఊరు దాటాక, బానెట్ ఎత్తి అత్తయ్య నిలబడి ఉంది. "ఇంజన్‌కి తోడుగా నువ్వూ కాస్త అటూ ఇటూ నడు" అని చిన్నదాన్ని పంపింది. ఇంతలో ఆవిడ డిపో బస్సే ఒకటి వచ్చి, చూసి, పక్కన ఆగింది. డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టాడు.

"నీకిక్కడ స్టాప్ లేదు" అంది అత్తయ్య.

"మీకుందా అమ్మా?"

డ్రైవరు దిగాడు. కండక్టరు దిగాడు. ప్రయాణికులు ఒకవైపు కిటికీలన్నిట్లోంచీ తొంగి చూశారు. డ్రైవరు నెమ్మదిగా వచ్చి, బానెట్ అంచు మీద అరచెయ్యి ఆనించి, అదే చెయ్యి తన నుదుటి మీద పెట్టుకున్నాడు. ఈ రోజు కోసం ఎన్నేళ్ళు ఎదురుచూశాడో.

"కారణం ఏంటమ్మా?"

చిన్నది రెండడుగుల దూరంలో, పాలిపోయిన మొహంతో, గాలి పీల్చుకుంటూ నిలబడి ఉంది. అత్తయ్య దాని వైపు చూడలేదు. డ్రైవరు కళ్ళలోకి చూస్తూ, తల ఒక్క అంగుళం దించకుండా, బస్సంతా వినేలా చెప్పింది. "ఇంజన్ వేడెక్కింది."

"టీ కాదు కదా?"

"ఇంజన్. కావాలంటే రాసుకో. నువ్వు అప్పుడే మూడు నిమిషాలు లేటు, పోయి బస్సెక్కు."

సాయంత్రానికి ఆ మాట డిపో అంతా పాకింది. మెస్సులో దాన్ని పాటకట్టి పాడుకున్నారని తర్వాత తెలిసింది. ముప్పై ఒక్క ఏళ్ళ పేరు ఒక్క వాక్యంతో పోయింది. అత్తయ్య మాత్రం కారెక్కి, అద్దం సర్దుకుని, "పది నిమిషాలు. పద" అంది.

పన్నెండు రోజులూ అలాగే నడిచింది. కొండ మలుపుల్లో ఇంజన్ ఇరవై నిమిషాలకే వేడెక్కింది. మైదానంలో మళ్ళీ బుద్ధిగా ముప్పై ఐదుకి వచ్చింది. పెద్దాడు మూడో రోజుకి వాదించడం మానేసి, ప్రతి స్టాపులో గులకరాయి ఏరుకోవడం మొదలుపెట్టాడు. అలక వేళ కాగానే ఇద్దరూ ఎవరి కిటికీ వైపు వాళ్ళు తిరిగి, దేని గురించి అలగాలో తోచక నవ్వేవారు. పన్నెండో రోజు సాయంత్రం ఐదూ నలభైకి సముద్రం అని తెరలో రాసుంది. ఐదూ నలభైకి సముద్రం వచ్చింది. చిన్నది ఒక్కసారి కూడా వాంతి చేసుకోలేదు. చెప్పులతోనే నీళ్ళలోకి పరుగెత్తి, మోకాళ్ళ లోతులో నిలబడి, సముద్రానికి కూడా మాట్లాడే అవకాశమివ్వకుండా కబుర్లు మొదలుపెట్టింది. అత్తయ్య ఇసకలో కూర్చుని, చేతి గడియారం విప్పి జేబులో వేసుకోవడం పెద్దాడు చూశాడు. చెప్తే ఇంట్లో ఎవరూ నమ్మలేదు.

ఆ తర్వాత ఏడేళ్ళకి కుర్చీ ఖాళీ అయింది. చుట్టాలు వచ్చి వెళ్ళాక కారు మాట వచ్చింది. "తుక్కు కింద ఇచ్చేద్దాం" అన్నాడు తండ్రి. "ముప్పై ఐదు నిమిషాలు కూడా నడవని బండి."

"ఎవరికీ ఇవ్వను. నేను నడుపుతా" అంది చిన్నది. ఇరవై రెండేళ్ళు వచ్చాయి, గడ్డం ఎత్తు తగ్గలేదు. "ఈ వేసవికి సముద్రానికి తీసుకెళ్తా. ఎవరు వద్దంటారో ముందే చెప్పండి, ఆ కిలోమీటర్లు కలుపుకోవాలి."

చిన్నది ఆ కారు తీసుకుని, అత్తయ్య ఎప్పుడూ చూపించే మెకానిక్ దగ్గరికి వెళ్ళింది. "అంతా చూడండి. ముఖ్యంగా ఇంజన్. వేడెక్కే జబ్బుంది కదా."

మెకానిక్ చేతిలో గుడ్డ కింద పడేశాడు. "దేనికి జబ్బు? ఎనిమిదేళ్ళు నా చేతుల్లో పెరిగిన బండి ఇదమ్మా. ఎండలో రోజంతా తోలు, మంచుగడ్డలా ఉంటుంది. ఎవరన్నారు?"

"మా అత్తయ్యే."

ఆయన వంగి గుడ్డ తీసుకుని దులిపాడు. "అదన్నమాట. ఓసారి వచ్చి, బానెట్ ఎత్తి ఎలా నిలబడితే వేడెక్కినట్టు నమ్ముతారో నేర్పమంది. నవ్వానని విజిల్ ఊదింది. ఎందుకమ్మా అంటే చెప్పలేదు."

చిన్నది కారులోకి వచ్చి కూర్చుంది. ముందు అరలో అత్తయ్య జేబు పుస్తకాలు రబ్బరు బ్యాండు వేసి వరసగా ఉన్నాయి. సముద్రానికెళ్ళిన ఏడాదిది తీసి, ప్రయాణం ముందు నెల తిప్పింది. అత్తయ్య చేతిరాత, గళ్ళు గీసి, డిపో రిజిస్టరులాగే.

'చిన్నది మాట ఆపిన నిమిషం. సోమ 41. బుధ 38. శుక్ర 43, కిటికీ తీస్తే 47.'

అలా నెలంతా. చివర, 'రాను' అన్న రోజు తారీఖు కింద, ఇంకో రెండు వరసలున్నాయి.

'ప్రతి 35కి ఆపాలి. మలుపుల్లో 20.

కారణం: ఇంజన్.'