పాడలేకపోయిన ఆదివారాలు

కిందటి ఆదివారం ఆరాధన ముగిసే వేళ మా పాస్టరు గారు, ప్రభువుకు దూరమైపోయామనుకునేవాళ్లు, తమను తాము మళ్లీ ఆయనకు సమర్పించుకోవాలనుకునేవాళ్లు లేచి నిలబడమన్నప్పుడు, నా ముందు వరుసలో ఒళ్లో బిడ్డతో ఉన్న ఒకమ్మాయి సగం లేచి, ఎందుకో మళ్లీ కూర్చుండిపోయింది. ఆమె బాధేమిటో నాకు తెలియదు, అడిగేంత చనువూ లేదు. ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చున్నా నాకు ఒకప్పటి నా ఆదివారాలే గుర్తొచ్చాయి. నా వయసు వాళ్లకైతే ఈ మాట చెప్పుకోవచ్చు. మీలో కొందరైనా ఎప్పుడో ఒకప్పుడు అలా సగం లేచి కూర్చున్నవాళ్లే అయి ఉంటారు.

అప్పట్లో మేము గోపాలపట్నంలో, రైలు పట్టాలకు దగ్గరగా ఒక పెంకుటింట్లో అద్దెకు ఉండేవాళ్లం. మా ఆయనకు పోర్టులో క్రేను మీద పని. మా అత్తయ్య ఫిషింగ్ హార్బర్‌లో చేపలమ్మి పిల్లల్ని పెంచిన మనిషి, మోకాళ్లు అరిగిపోయాక గంప దించి మా దగ్గరకు వచ్చేసింది. నేను చర్చిలో పాటలు ఎత్తుకునేదాన్ని. మైకుల్లేని ఆ రోజుల్లో ఆఖరి చాప మీద కూర్చున్న వాళ్లకు కూడా వినబడే గొంతని అందరూ అనేవారు, నాకూ అది కొంచెం గర్వంగానే ఉండేది. మా పాప ఆ పాటలన్నీ నా వెంట ముద్దుముద్దుగా పాడేది. రైలు కూత వినబడితే చాలు, తింటున్న అన్నం వదిలేసి గుమ్మంలోకి పరిగెత్తేది.

నాలుగో ఏట దానికి మెదడువాపు జ్వరం వచ్చింది. ఆస్పత్రి మంచం పక్కన మోకాళ్లూని, ప్రాణం నిలబెడితే చాలు, ఇంకేమీ అడగనని దేవుడికి మాట ఇచ్చాను. ప్రాణం నిలబడింది. ఇంటికి తెచ్చాక ఒక మధ్యాహ్నం రైలు కూత పెట్టుకుంటూ ఇంటి పక్క నుంచే వెళ్లిపోయింది, పిల్ల తలెత్తకుండా కంచంలో మెతుకులు ఏరుకుంటూ కూర్చుంది. వినికిడి నరం దెబ్బతిందని, ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పడానికి ముందే నాకు ఆ కంచం దగ్గర తెలిసిపోయింది.

ఇంకేమీ అడగనన్న నేనే ఆ తర్వాత అడగని రోజు లేదు. ఉపవాసాలున్నాను, దాని తల మీద ప్రార్థన చేసిన నూనె రాయించాను, ఎవరు ఎక్కడ ప్రార్థన కూటమన్నా పిల్లను చంకనేసుకుని వెళ్లాను. విశ్వాసం చాలలేదని కొందరు, ఇంట్లో ఏదో దాచిన పాపం ఉందని కొందరు అన్నారు. తల వంచుకుని విన్నాను. ఒకసారి ఊరి బయట మైదానంలో జరిగిన స్వస్థత కూటంలో, ఎక్కడినుంచో వచ్చిన ప్రసంగీకుడు పాప తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించి, అమ్మా అనమన్నాడు. ఆయన పెదవులు చూసి పిల్ల అమ్మా అంది. జనమంతా స్తోత్రాలు చెప్పారు, నేను నేల మీద పడి ఏడ్చాను. తిరిగి వచ్చేటప్పుడు బస్టాపు దగ్గర, నాకు ముందు నడుస్తున్న పిల్లను వెనక నుంచి పేరు పెట్టి పిలిచాను. మళ్లీ పిలిచాను. గట్టిగా అరిచాను. బస్సు కోసం నిలబడ్డ వాళ్లంతా నా వైపు తిరిగారు, అది మాత్రం తిరగలేదు.

ఆ మర్నాటి నుంచి ప్రార్థన మానేశాను. ఆదివారం వస్తే వంట పేరు పెట్టుకుని ఇంట్లో ఉండిపోయేదాన్ని. అత్తయ్య మాత్రం కుంటుకుంటూ పిల్లను వెంటబెట్టుకుని చర్చికి వెళ్లేది. వినబడని పిల్లకు గుడెందుకని ఒకరోజు విసుక్కుంటే, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే అంది:

“నాకూ కోపమేనమ్మా ఆయన మీద. నానెల్లి ఆయనికే సెప్తన్నాను. నువ్వు ఇంట్లో గోడలకి సెప్తన్నావు.”

నేను పొయ్యి వైపు తిరిగాను. గోడలైనా నయం, విశ్వాసం చాలలేదనవు అని మనసులో అనుకున్నాను. అలా ఏడాది పైనే గడిచింది.

ఒక వానాకాలం అత్తయ్య చలిజ్వరంతో మంచం పట్టింది. ఆదివారం పొద్దున్నే పిల్ల తనంతట తానే మంచి గౌను వేసుకుని వచ్చి నా చెయ్యి పట్టుకు లాగడం మొదలుపెట్టింది. చర్చి గుమ్మం దాకా దిగబెట్టి నేను బయట కూర్చుందామని బయలుదేరాను గానీ, అది వదల్లేదు, ఆడవాళ్ల చాపల మధ్యకు లాక్కుపోయింది. పాట మొదలైంది. పిల్ల నా ఒళ్లోకెక్కి, అరచెయ్యి నా గొంతు మీద ఆనించి, నా మొహంలోకి చూస్తూ ఉండిపోయింది. నాకు అర్థం కాలేదు. పక్కనున్న పెద్దావిడ నా చెవి దగ్గరకు వంగింది.

“మీ యత్త పాడతంటే వారవారం ఇలగే సెయ్యెడతాది. దీనికి పాట అక్కడ తెలుస్తాదట.”

నా గొంతు కదలడం లేదు. పిల్ల చెయ్యి తీసి చూసుకుంది. తప్పు చేతిదేనన్నట్టు గౌనుకు రుద్దుకుని మళ్లీ పెట్టింది.

అప్పుడు నేను పాడానని ఇప్పటికీ చెప్పలేను. రాగం ఆ పాటదే, లోపలి మాటలు మాత్రం నా బిడ్డనెందుకిలా చేశావు ప్రభూ అన్నవే. ఏడుపో పాటో తెలియని ఆ అదురు అరచేతికి తగలగానే పిల్ల నవ్వింది. తగువులాడుతూనే అయినా, అన్నాళ్ల తర్వాత ఆయనతో మళ్లీ మాట్లాడాను.

ఆ రోజు నాకు శాంతి ఏదీ కలగలేదు. తర్వాత చాలా ఆదివారాలు పిల్లకు నా గొంతు ఇవ్వడానికే వెళ్లాను. ఎప్పటి నుంచి ఆయన కోసం కూడా వెళ్లసాగానో నాకే తెలియదు. సమర్పించుకోవడమంటే ఒక్కసారి లేచి నిలబడితే అయిపోతుందనుకునేదాన్ని. నాకు మాత్రం వారవారం కాళ్లీడ్చుకుంటూ ఆ గడప దాటడంలోనే అది కొంచెం కొంచెంగా జరిగింది.

ఇప్పుడు పాపకు తన కుట్టుపని, తన సంసారం. అత్తయ్య పోయి చాలా కాలమైంది. చర్చిలో చాపలు పోయి కుర్చీలు వచ్చాయి, పాట తెర మీద కనిపిస్తుంది, స్పీకర్ల హోరులో పక్కవాళ్ల గొంతు వణికినా ఎవరికీ తెలియదు. నా బిడ్డకు వినబడేలా చెయ్యమని ఈనాటికీ అడుగుతూనే ఉన్నాను, ఈనాటికీ జవాబు లేదు. అప్పట్లో జవాబు రాలేదని లేచి వచ్చేశాను. ఇప్పుడు ఆశీర్వాదం అయ్యి అందరూ వెళ్లిపోయాక కూడా, వాచ్‌మన్ వచ్చి ఫ్యాన్లు ఒక్కొక్కటే ఆపేదాకా కూర్చునే ఉంటున్నాను.