ఎడమ పక్కది చిన్నక్క

ఊళ్లో అందరూ ఆయన్ని కొండల మేస్త్రి అంటారు. నిజానికి ఆయన బోర్డులు రాసే పెయింటరు. దుకాణాల పేర్లు, డాక్టరు చూసే వేళలు, ‘ఇచ్చట వాహనాలు నిలపరాదు’ లాంటివి రాసుకుని బతికే మనిషి. నిచ్చెన మీద నాలుగో మెట్టు ఎక్కితే కళ్లు తిరుగుతాయి. అందుకే ఎంత పెద్ద బోర్డయినా నేల మీద పరుచుకునే రాస్తాడు. తగిలించే పని ఇంకెవరో చూసుకుంటారు. అలాంటివాడికి ఆ పేరు తెచ్చిపెట్టింది ఒకే ఒక్క బోర్డు.

ఊరి నుంచి రెండు గంటలు పైకి నడిస్తే ఒక మిట్ట వస్తుంది. అక్కడ నిలబడితే ఎదురుగా మూడు శిఖరాలు: పెద్దక్క, నడిపక్క, చిన్నక్క. పదకొండేళ్ల కిందట అటవీ శాఖ వాళ్లు ఫొటో ఇచ్చి, కొండలెక్కే వాళ్ల కోసం బోర్డు రాయమన్నారు. మేస్త్రి మూడింటినీ గీసి కింద వివరాలు రాశాడు. చిన్నక్కది గడ్డి వాలు, ఒడిలో కొలను, వేసవి మొదట్లో పసుప్పచ్చ పూలు, ఎవరైనా ఎక్కవచ్చు. నడిపక్క నున్నటి బండ, తాడు లేనిదే వద్దు. పెద్దక్కకి ముక్కు మీద కోపం. కాలు పెడితే జారే రాళ్లు, మధ్యాహ్నానికల్లా నెత్తిన మబ్బు, అనుభవం ఉన్నవాళ్లకే. నడిపక్కని ఎవరైనా గుర్తుపడతారు గానీ అటూ ఇటూ ఉన్న ఇద్దరూ దూరం నుంచి ఒకే పోలిక. మిట్ట దగ్గర దారి రెండుగా చీలి, ఒకటి ఎడమ కొండకీ ఒకటి కుడి కొండకీ పోతుంది.

బోర్డును నలుగురు మనుషులు మోసుకెళ్లారు. మేస్త్రి వెళ్లలేదు. కానీ ఆ రోజు నుంచి ఆయన కోసిన కోతలు ఇన్నీ అన్నీ కావు. ‘పెద్దక్కతో జాగ్రత్త సుమా’ అని బూట్లు కొనుక్కునేవాళ్లకి కూడా దుకాణంలోకి దూరి మరీ చెప్పేవాడు. వాళ్లు నవ్వితే గౌరవం అనుకునేవాడు.

ఒక సాయంత్రం కూతురు ఇంటికి వస్తూనే చెప్పింది. మందుల షాపులో పని ఆమెకి. "రేపు మా షాపు వాళ్లం ఆరుగురం చిన్నక్క ఎక్కుతున్నాం నాన్నా."

"నా బోర్డు చూసుకునే వెళ్లాలి మరి!" అంటూ మేస్త్రి పెట్టె తెరిచి, ఆనాటి నమూనా కాగితం బయటికి తీశాడు. పల్చటి కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో చిల్లులు పొడిచి, దాన్ని బోర్డు మీద పరిచి, బొగ్గుపొడి మూటతో అద్దితే గీత కిందికి దిగుతుంది. అది ఆయన పద్ధతి. కూతురు చేతులు కడుక్కోవడానికి లోపలికి వెళ్లింది. మేస్త్రి కాగితాన్ని కిటికీ వెలుగుకి పట్టాడు.

బొగ్గు అంటాల్సిన వైపు, పెన్సిలుతో కొండల పేర్లు రాసుకున్న వైపు, తెల్లగా ఉంది. బొగ్గు మరకలన్నీ వెనక వైపున్నాయి.

అంటే ఆ రోజు కాగితం తిరగేసి అద్దాడు. ఎడమది కుడికి, కుడిది ఎడమకి. పదకొండేళ్లుగా ఎంతమందిని గడ్డి వాలని చెప్పి జారే రాళ్ల మీదికి తోలాడో! రేపు కన్నకూతుర్నీ తోలబోతున్నాడు. ఒక్క మాట చెబితే సరిపోయేది. పరువు అడ్డొచ్చింది. ఆహా, ఏం పరువురా నాయనా, కూతురి ప్రాణం కంటే ముద్దొచ్చింది అని తనను తానే తిట్టుకున్నాడు. తిట్టుకుని కూడా చెప్పలేదు.

"నేనూ వస్తా రేపు," అన్నాడు.

కూతురు కంగారు పడింది. "నువ్వెందుకు నాన్నా? నీ మోకాళ్లు..."

"మోకాళ్లకేం? దిట్టంగా ఉన్నాయి."

"రాత్రిళ్లు తైలం రుద్దేది నేను కదా, నాకు తెలీదా ఎంత దిట్టమో," అంది భార్య లోపలి నుంచి.

పొద్దున్నే బయల్దేరారు. మేస్త్రి సంచిలో నల్లరంగు డబ్బా, తెల్లరంగు డబ్బా, రెండు కుంచెలు. అందరికంటే ముందు చేరి, ఎవరూ చూడకుండా దిద్దేయాలని పథకం. అరగంటకే పథకం కుదేలైంది. మేకలు కూడా ఆయన్ని దాటుకుని పోయాయి. కుర్రకారు ఐదుగురూ ఎక్కడో పైన మలుపు తిరుగుతున్నారు. కూతురొక్కతే పక్కన ఉంది, ఎందుకో మాటిమాటికీ "వెనక్కి పోదామా నాన్నా" అంటోంది.

వాళ్లు మిట్ట చేరితే బోర్డు నమ్మి కుడిదారి పట్టేస్తారు. ఇక దాచడానికేం మిగిలింది? మేస్త్రి నడుం పట్టుకుని, కొండంతా వినబడేలా అరిచాడు.

"ఆగండి! ఆ బోర్డు తప్పు! నేనే తిరగేసి రాశాను! కుడికి పోకండి!"

కూతురు ఆయన చెయ్యి పట్టుకుని, "పద నాన్నా, చూద్దువు గాని," అంది.

ఒగర్చుకుంటూ మిట్ట చేరేసరికి ఐదుగురూ బోర్డు పక్కనే కూర్చుని ఉన్నారు. ఎవరూ ఎటూ పోలేదు. బోర్డు కింద ఒక చిన్న రేకు మేకులతో కొట్టి ఉంది. అంచులు తుప్పు పట్టాయి. మేస్త్రి వంగి చదివాడు.

‘గమనిక: బోర్డు తిరగబడింది. ఎడమ పక్కది చిన్నక్క, కుడి పక్కది పెద్దక్క. వేసినాయన ఇంకా పైకి రాలేదు. వచ్చాక దిద్దుతారు.’

ఆ అక్షరాల గుండ్రదనం, తలకట్టు చివర చిన్న విసురు. అవి ఎవరి అక్షరాలో ఆయనకి వేరే చెప్పాలా? పలక మీద చెయ్యి పట్టి తానే దిద్దించినవి.

"ఎప్పుడు?" అన్నాడు.

"బోర్డు పెట్టిన ఏడాదే. మా స్కూలు వాళ్లు తీసుకొచ్చినప్పుడు చూశా. మళ్లీ వచ్చి కొట్టాను."

"ఊళ్లో అందరికీ తెలుసా?"

"తెలుసు నాన్నా. నీకు చెప్పొద్దని నేనే అందరినీ బతిమాలాను."

మేస్త్రికి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ వెంటనే నవ్వొచ్చింది, నవ్వులోనే కళ్లలో నీళ్లు తిరిగాయి. పదకొండేళ్లుగా తను కోతలు కోస్తుంటే, ఊరు ఊరంతా కూతురి మాట కోసం నవ్వు ఆపుకుంది. ఆపుకోలేనివాళ్లు బూట్ల దుకాణంలో ఉన్నారన్నమాట.

అప్పుడు తలెత్తి మొదటిసారి ముగ్గురక్కల్నీ చూశాడు. ఎడమ పక్కన చిన్నక్క ఒడిలో కొలను మెరుస్తోంది. ఫొటోలో అది ఇంత బాగా లేదు.

డబ్బా మూత తీసి, పాత పేర్లు చెరిపి, కొత్తగా రాశాడు. గంట పట్టింది. కూతురు డబ్బా పట్టుకుని నిలబడింది.

"ఇక ఈ రేకు పీకేద్దామా?" అంది.

"ఉండనీ," అన్నాడు మేస్త్రి. సన్న కుంచె తీసుకుని, మోకాళ్లు కలుక్కుమంటున్నా కిందికి కూర్చుని, ఆమె అక్షరాల కింద తన అక్షరాల్లో ఒక్క మాట రాశాడు.

‘వచ్చాడు.’